శుక్రవారం మధ్యాహ్నం రెఫరల్స్

శుక్రవారం మధ్యాహ్నం మూడు దాటిందంటే మా మేనేజర్ ఇన్‌బాక్స్ రెఫరల్స్‌తో నిండిపోతుంది. నేను పనిచేసేది ఇంగ్లండ్‌లోని లాంకషైర్‌లో ఒక చిల్డ్రన్స్ హోమ్‌లో, అంటే అమ్మానాన్నల దగ్గర ఉండలేని పిల్లల్ని కౌన్సిల్ (ఇక్కడి లోకల్ గవర్నమెంట్) ఉంచే చోటు. హోమ్ అనగానే మన సోషల్ వెల్ఫేర్ హాస్టల్ అనుకునేరు, అదేం కాదు, మామూలు వీధిలో మామూలు ఇల్లు, ముగ్గురు పిల్లలు, షిఫ్టుల్లో మేము. రెఫరల్ అంటే పేరు లేని పిల్లాడి గురించి ఓ ఫారం, వయసెంత, ఇంట్లో ఏం జరిగింది, ఇంతకుముందు ఎక్కడెక్కడ ఉన్నాడు, స్కూల్‌కి పోతున్నాడా లేదా, చివర్లో ఎప్పటికి కావాలి అంటే "ఈ రోజే". కౌన్సిల్ ప్లేస్‌మెంట్ టీమ్ వాళ్లు మామూలుగా ముందు చుట్టాల్లో ఎవరైనా ఉంచుకుంటారేమో చూస్తారు, తర్వాత సొంత ఫోస్టర్ కేరర్స్ (అలాంటి పిల్లల్ని తమ ఇంట్లో పెట్టుకుని చూసుకునేవాళ్లు), తర్వాత ప్రైవేట్ ఫోస్టరింగ్ ఏజెన్సీలు. అవన్నీ అయ్యాక చాలాసార్లు మా దగ్గరికొస్తుంది, అంటే మా గుమ్మం తొక్కేలోపే ఆ పిల్లాడికి ఎంతమంది "కుదరదు" అనేసుంటారో.

1989 చిల్డ్రన్ యాక్ట్ ప్రకారం వీలైనంత వరకు పిల్లల్ని సొంత ఏరియాలోనే, స్కూల్ చెడకుండా ఉంచాలి. కానీ మా లాంకషైర్ ఉన్న నార్త్ వెస్ట్‌లో ఇళ్లు చవక, అందుకని కంపెనీలొచ్చి ఇక్కడ హోమ్స్ తెరుస్తాయి, ఇంగ్లండ్‌లో ఉన్న హోమ్స్‌లో ఐదింట నాలుగుకి పైగా ప్రైవేటువే. లండన్‌లో ఇల్లు కొని హోమ్ పెట్టాలంటే ఎవడికి గిట్టుబాటవుతుంది చెప్పండి? సో పిల్లాడిది లండన్, బెడ్ ఖాళీ ఉన్నది లాంకషైర్‌లో, టాక్సీ ఎక్కించి పంపించేస్తారు. వారానికి వేల పౌండ్ల బిల్లు మాత్రం ఆ లండన్ కౌన్సిల్‌దే.

అలా వచ్చినవాడే ఒకడున్నాడు, ఆనవాళ్లు తెలియకుండా వివరాలు మార్చి చెప్తున్నా. ఆఫ్రికన్ ఫ్యామిలీ, జుట్టంటే ప్రాణం. మా ఊళ్లో ఆ జుట్టుకి ఫేడ్ కటింగ్ కొట్టే బార్బర్ లేడు. మాంచెస్టర్ తీసుకెళ్దాం అనుకున్నాం కానీ కటింగ్ చేయించడానికి కూడా ప్లేస్‌మెంట్ ప్లాన్ తెరిచి చూడాలి, కటింగ్ ఎవరు ఓకే చేయాలి, కేరరా, కేసు చూసే కౌన్సిల్ సోషల్ వర్కరా, వాళ్లమ్మా, స్కూల్ ట్రిప్ సంతకం ఎవరిది, ఫ్రెండ్ ఇంట్లో రాత్రి పడుకోవడానికి ఎవరు సరేననాలి, దీన్ని డెలిగేటెడ్ అథారిటీ అంటారు. వీడి విషయంలో అమ్మని అడగాలని ఉంది. సోషల్ వర్కర్ వాళ్లమ్మకి ఫోన్ చేసి అడిగి, మళ్లీ మాకు చేసి చెప్పాక, అప్పుడు బయల్దేరాం. కుర్చీలో కూర్చున్నాక ఆ బార్బర్‌తో వాడు లండన్ యాసలో గలగలా మాట్లాడుతుంటే మా దగ్గర ఒక్క ముక్క మాట్లాడనివాడు వీడేనా అనిపించింది. తిరిగొచ్చాక రసీదు పెట్టీ క్యాష్ కవర్లో పెట్టి డైలీ లాగ్ రాశా. లాగ్‌లో ఏం రాస్తాం, హెయిర్‌కట్, మూడ్ గుడ్.

ఇక్కడి మన తెలుగువాళ్ల గెట్ టుగెదర్‌కి పోతే మాత్రం వేరే ప్రశ్న. "అన్నా, మీవాళ్లే కదా ఒక్క దెబ్బ వేస్తే పిల్లల్ని ఎత్తుకుపోయేది?" అంత వీజీ కాదు తమ్ముడూ. సోషల్ వర్కర్ సొంతంగా పిల్లాడిని తీసుకుపోలేదు. తల్లిదండ్రులు ఒప్పుకోవాలి, అది ఆ 1989 చట్టంలోని సెక్షన్ 20, లేదా కోర్టు ఆర్డర్ కావాలి, మరీ ప్రమాదం ఉంటే పోలీసులు గరిష్ఠంగా 72 గంటలు ఉంచుకోగలరు. పిల్లాడిని కౌన్సిల్‌కి అప్పగించాలా వద్దా అని కోర్టులో నడిచే కేర్ కేసు 26 వారాల్లో తేల్చాలని రూల్, చాలా కేసులు అంతకంటే సాగుతాయి. 2024 మార్చి చివరికి ఇంగ్లండ్ మొత్తంలో కౌన్సిళ్ల సంరక్షణలో ఉన్నది దాదాపు 83,600 మంది, అందులో మూడింట రెండొంతులు ఫోస్టర్ ఇళ్లలోనే. పిల్లల్ని తీసుకోవడం గురించి మనవాళ్లు ఇంత భయపడతారు గానీ, తీసుకున్నాక ఎక్కడ ఉంచుతారని ఒక్కరూ అడగరు, నాకైతే అసలు గొడవంతా అక్కడే కనిపిస్తుంది.

కాగితం మీద పట్టించుకోవడానికి లోటు లేదు. పిల్లాడి ప్లాన్ సరిగ్గా నడుస్తుందో లేదో చూడ్డానికి ఇండిపెండెంట్ రివ్యూయింగ్ ఆఫీసర్ అని ఒకరు, మొదటి రివ్యూ 20 పనిదినాల్లోపు, తర్వాత మూడు నెలలకి, ఆపైన ఆరు నెలలకోసారి. చదువు చూడ్డానికి వర్చువల్ స్కూల్ హెడ్, మా ఇంటిని చూడ్డానికి నెలనెలా బయటి మనిషి, అది కాక ఆఫ్‌స్టెడ్ అనే సర్కారు తనిఖీ సంస్థ. ఇంతమందిలో ఆ లండన్ పిల్లాడికి పొద్దున తినే ఫేవరెట్ సీరియల్ ఏదో తెలిసింది నైట్ షిఫ్ట్ స్టాఫ్‌కే. సోషల్ వర్కర్లు మారిపోతుంటారు, పాపం వాళ్ల కేసుల లోడ్ అలాంటిది, కొత్తావిడ వచ్చినప్పుడల్లా వాడు కథ మొదట్నుంచీ చెప్పాలి, ఒకసారి "ఫైల్ చదువుకోండి" అని లేచిపోయాడు, నేనైతే తప్పుపట్టను.

పద్దెనిమిది వస్తే ఇంకో తిరకాసు. ఫోస్టర్ ఇంట్లో ఉన్నోళ్లు తమకీ కేరర్‌కీ ఇష్టమైతే 21 దాకా అక్కడే ఉండొచ్చు, స్టేయింగ్ పుట్ అని 2014 నుంచి ఉంది. హోమ్‌లో ఉన్నోళ్లకి అలాంటి హక్కు లేదు. సలహా చెప్పడానికి పర్సనల్ అడ్వైజర్ 25 దాకా ఉంటారులే, కానీ పద్దెనిమిదేళ్లకి ఒంటరిగా కరెంట్ మీటర్ టాపప్ చేసుకుంటూ బతకమంటే ఎట్లా? మన ఇళ్లల్లో ఆ వయసోడికి అన్నం కూడా అమ్మే కలిపి పెడుతుంది.

అందుకే పీఆర్ (ఇక్కడే శాశ్వతంగా ఉండే అనుమతి) వచ్చిన మనవాళ్లని ఫోస్టరింగ్ గురించి అడుగుతుంటా. సొంతిల్లు అక్కర్లేదు, పెళ్లి కాకపోయినా పర్లేదు, అలవెన్స్ ఇస్తారు, ఇంట్లో ఒక బెడ్‌రూమ్ ఖాళీగా ఉండాలి, అసెస్‌మెంట్‌కి కొన్ని నెలలు పడుతుంది అంతే. మొన్న ఒకాయన అంతా శ్రద్ధగా విన్నాడు, సరే అనేలాగే ఉన్నాడు, ఇంతలో పక్కనుంచి వాళ్లావిడ, "ఆ రూమ్ మా అత్తగారిదండీ, విజిట్ వీసా మీద వస్తే ఆర్నెల్లు అక్కడే" అంది.