గీత దాటిన నీరు

ఈ రోజు తొమ్మిదో తరగతికి వాతావరణ మార్పు పాఠంలో సముద్రమట్టం గురించి చెప్పవలసి ఉంది. అంకెలతో మొదలుపెట్టడం ఇష్టం లేక రెండు గాజు గిన్నెలూ కొన్ని మంచు ముక్కలూ తీసుకువెళ్ళాను. ఒక గిన్నెలో మంచును గోరువెచ్చని నీళ్ళలో తేలనిచ్చి, రెండో గిన్నెలో నీళ్ళ మధ్య ఒక రాయి నిలిపి దాని మీద మంచు పెట్టి, రెండింటికీ నీటిమట్టం దగ్గర పిల్లల చేతనే స్కెచ్ పెన్నుతో గీత గీయించాను. మంచంతా కరిగాక మొదటి గిన్నెలో నీరు గీత దగ్గరే ఉంది, రెండో దానిలో గీత దాటింది. సముద్రం మీద తేలే మంచుకూ గ్రీన్‌లాండ్ నేల మీది మంచుకూ ఉన్న తేడాను నేను నోరు విప్పకముందే వాళ్ళే చెప్పేశారు. వేడికి నీరు వ్యాకోచించడం మరో కారణమని మాత్రం నేను చెప్పాను.

1901 నుంచి 2018 వరకు సగటు సముద్రమట్టం సుమారు 20 సెంటీమీటర్లు పెరిగిందనగానే ఒక అబ్బాయి స్కేలు తీసి చూసి, "ఇంతేనా టీచర్?" అన్నాడు. అడగవలసిన ప్రశ్నే అది. ఉప్పెన వచ్చినప్పుడు అల ఆ 20 సెంటీమీటర్ల మీద నుంచి లేస్తుందనీ, అసలు సముద్రం గడపలోకి రాకముందే ఉప్పు బావిలోకి వస్తుందనీ చెప్పాను. బావి చెడితే మంచినీళ్ళ కోసం దూరం నడవవలసి వస్తుంది. ఆ నడక చాలా చోట్ల ఆడపిల్లల వంతు కాబట్టి, పోయేది వాళ్ళ బడి సమయమే. ఈ మాటకు తరగతి నిశ్శబ్దమైపోయింది.

వెనుక బెంచీ అమ్మాయి, "సముద్రం వల్ల దేశం వదిలి వెళ్ళేవాళ్ళను శరణార్థులంటారా టీచర్?" అని అడిగింది. జాతి, మతం, రాజకీయ అభిప్రాయం వంటి కారణాలతో హింసకు భయపడి పారిపోయేవారికి 1951 నాటి శరణార్థుల ఒప్పందం రక్షణ ఇస్తుంది. ఊరిని సముద్రం ముంచడం ఆ కారణాల్లో లేదు. ఈ సంగతి చెప్పడం నాకు కష్టంగానే అనిపించింది. 2023లో కుదిరిన ఒప్పందం ప్రకారం, సముద్రమట్టం పెరిగి ముప్పులో ఉన్న చిన్న పసిఫిక్ ద్వీపదేశం టువాలు ప్రజల్లో ఏటా 280 మంది వరకు ఆస్ట్రేలియాలో స్థిరపడవచ్చనీ, టువాలు జనాభా సుమారు 11,000 అనీ కూడా చెప్పాను.

స్కేలు అబ్బాయి నోట్సు వెనుక భాగాహారం చేసి, "అందరూ వెళ్ళాలంటే దాదాపు 40 ఏళ్ళు. చివరగా వెళ్ళేవాళ్ళు అంతవరకు ఏ నీళ్ళు తాగుతారు?" అన్నాడు. ఆ ప్రశ్నను బోర్డు మూల రాయించి, రేపటి వరకు చెరపవద్దని చెప్పి వచ్చాను.