సీసాలో మీ ఇంటి నీళ్ళు తెచ్చుకోండి

జనానికి కెమిస్ట్రీ చూపిద్దాం అనగానే మా డిగ్రీ పిల్లలకు మొదట గుర్తొచ్చింది మంట. పొటాషియం పర్మాంగనేట్ మీద గ్లిజరిన్ పోద్దాం మేడం, మిథనాల్లో లవణాలు కలిపి రంగురంగుల మంటలు రప్పిద్దాం మేడం... బోర్డు మీద రాసుకున్న జాబితాలో సగం ఇవే. ముందు ఆ సగం చెరిపేశాను. మిథనాల్ మంటల వల్ల విదేశాల్లో తరగతి గదుల్లోనే పిల్లలు కాలిన సంఘటనలున్నాయి. బల్ల మీద బాహాటంగా ఆ ప్రయోగం చేయడం ఆపేయమని అమెరికన్ కెమికల్ సొసైటీ భద్రతా కమిటీ 2014లోనే చెప్పింది. ప్రమాదం సంగతి అటుంచినా, మంట దగ్గర జనానికి పనేమీ ఉండదు. దూరంగా నిలబడి ఫోన్‌లో వీడియో తీసుకుంటారంతే. మాకు కావలసింది వచ్చినవాళ్ళు తమ చేత్తో ఏదో ఒకటి చేసి వెళ్ళడం.

నేను డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. మేం ఎంచుకున్న చోటు హైదరాబాద్‌లో హబ్సిగూడ వైపు ఒక కాలనీ కమ్యూనిటీ హాలు. దగ్గర్లోనే 1944 నాటి ఐఐసీటీ, అంటే సీఎస్ఐఆర్ వాళ్ళ రసాయన పరిశోధన సంస్థ, ఉంది. సెప్టెంబరు 26న సీఎస్ఐఆర్ వ్యవస్థాపక దినం వచ్చినప్పుడు అక్కడ సందర్శకులను లోపలికి రానిస్తారు. పెద్ద పెద్ద యంత్రాలు చూడాలంటే అక్కడికే వెళ్ళాలి, వాటితో మనం పోటీ పడలేం. కానీ ఆ యంత్రాల మీద ఎవరినీ చెయ్యి వేయనివ్వరు కదా. మా హాలులో అన్నిటి మీదా చెయ్యి వేయొచ్చు.

తేదీ తేల్చడానికే చాలా చర్చ జరిగింది. అందరూ ఫిబ్రవరి 28 అన్నారు. రామన్ తన ఆవిష్కరణను 1928లో ప్రకటించిన రోజు, 1987 నుంచి జాతీయ సైన్స్ దినోత్సవం. రోజు గొప్పదే గానీ, ఇంటర్ పిల్లలు పరీక్షల టెన్షన్‌లో ఉంటారు, పదో తరగతి వాళ్ళను తల్లిదండ్రులు గడప దాటనివ్వరు. జనవరిలో సంక్రాంతికి సగం కాలనీ ఊళ్ళకు వెళ్ళిపోతుంది. వానాకాలంలో హాలు ముందు నీళ్ళు నిలుస్తాయి. చివరికి నవంబరులో, బాలల దినోత్సవం తర్వాతి ఆదివారం ఖాయం చేసుకున్నాం. పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా. భోజనాల వేళ దాటితే ఎవరూ రారు.

ఇక ఏ ప్రయోగాలు పెట్టాలి? నేను పెట్టుకున్న షరతులు ఇవి: అయిదు నిమిషాల్లో అయిపోవాలి, ఆరేళ్ళ పిల్లకూ అరవయ్యేళ్ళ పెద్దాయనకూ చేతనవ్వాలి, చేతి మీద ఒలికినా నీళ్ళతో కడిగేస్తే సరిపోవాలి, ఇంటికెళ్ళి మళ్ళీ చేసి చూసుకోగలగాలి. ఈ జల్లెడలో చాలావరకు రాలిపోయాయి. సోడా వినిగర్ అగ్నిపర్వతం నిలిచింది గానీ, అది అందరూ స్కూల్లో చూసేసిందే. దాన్ని నేనే తీసేశాను.

పసుపు బల్ల ఉండాలని మొదటి నుంచీ అనుకున్నాం. పసుపులో సున్నం కలిపితే ఎర్రనీళ్ళు అవుతాయని, వాటితో దిష్టి తీస్తారని ఇక్కడ తెలియని ఇల్లు లేదు. క్షారం తగిలితే పసుపులోని రంగు పదార్థం కర్క్యుమిన్ పసుపు నుంచి ఎరుపుకు మారుతుంది, నిమ్మరసం పిండితే మళ్ళీ పసుపుకు వస్తుంది. ఇంత చక్కటి ప్రయోగం చేతిలో ఉన్నా సున్నాన్ని మాత్రం బల్ల మీదికి రానివ్వలేదు. సున్నం కంట్లో పడితే చూపుకే ప్రమాదం, చిన్నపిల్లల చేతులు ఎప్పుడూ కళ్ళ దగ్గరే ఉంటాయి. దాని బదులు సబ్బు నీళ్ళు పెట్టాం. పసుపు పూసి ఆరబెట్టిన కాగితం ముక్క మీద పుల్లతో సబ్బు నీళ్ళు అద్ది పేరు రాసుకుంటే ఎర్రగా వస్తుంది. కూర మరక పడ్డ తెల్ల చొక్కాకు సబ్బు రుద్దితే ఎందుకు ఎర్రబడుతుందో అక్కడే తేలిపోతుంది. పక్కనే శంఖుపుష్పాల రసం. నీలంగా ఉండే ఆ రసం నిమ్మకాయతో ఊదా రంగుకు, తర్వాత గులాబీకి, తినే సోడాతో ఆకుపచ్చ వైపుకు తిరుగుతుంది. ఆ రసం ఎండలో పాడవుతుంది కాబట్టి ముందురోజే తీసి ఐసు ముక్కలుగా గడ్డకట్టించి, కావలసినప్పుడల్లా కరిగించుకున్నాం. చూడ్డానికి షర్బత్తులా ఉంటుంది, తాగొద్దని చెప్పడానికే ఒక మనిషిని పెట్టాల్సి వచ్చింది. అన్నీ వంటింటి వస్తువులే అయినా బల్ల మీదున్నవి ఏవీ నోట పెట్టకూడదన్నది మా నియమం. సమోసాలు, చాయ్ హాలు అవతలి కొసన పెట్టాం. దారిలో చేతులు కడుక్కునే డ్రమ్ము.

ఆ రోజు జనాన్ని నిజంగా పట్టేసింది మాత్రం నీళ్ళ బల్ల. కరపత్రంలోనే రాశాం: ఒక చిన్న సీసాలో మీ ఇంటి నీళ్ళు తెచ్చుకోండి, బోరువైనా సరే, మంజీరా నీళ్ళైనా సరే, ట్యాంకర్‌వైనా సరే.

పద్ధతి తేలిక. మూత ఉన్న చిన్న పారదర్శకమైన సీసాలో గీత దాకా నీళ్ళు పోయాలి. డ్రాపర్‌తో సబ్బు ద్రావణం ఒక్కొక్క చుక్క వేస్తూ ఊపాలి. నురగ అర నిమిషం నిలిచేదాకా ఎన్ని చుక్కలు పట్టాయో లెక్కపెట్టాలి. నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువుంటే (కఠిన జలం అంటే అదే) అవి ముందు సబ్బును తెల్లటి తెట్టుగా విరిచేస్తాయి, ఆ తర్వాతే నురగ వస్తుంది. పోల్చుకోవడానికి మూడు సీసాలు మేమే తయారు చేశాం. ఒకటి బ్యాటరీ షాపులో అమ్మే డిస్టిల్డ్ వాటర్. రెండోది లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో ఒక గ్రాము ఎప్సమ్ సాల్ట్ (ఒక మెగ్నీషియం లవణం) కరిగించింది. దాని కఠినత్వం, కాల్షియం కార్బొనేట్ లెక్కన, లీటరుకు సుమారు 400 మిల్లీగ్రాములు. మూడోది దాన్నే సగానికి పలచన చేసింది, 200. తాగునీటికి భారతీయ ప్రమాణాల్లో 200 దాకా బాగు, వేరే దిక్కు లేనప్పుడు 600 దాకా ఫరవాలేదు అని ఉంది. అది కూడా గోడ మీద అతికించాం.

ఇది చేయాలనుకునేవాళ్ళకు ఒక మాట: బట్టల డిటర్జెంట్ దీనికి పనికిరాదు, అది కఠిన జలంలోనూ నురగ ఇస్తుంది. ఒంటి సబ్బే తీసుకోండి, అట్ట మీద టీఎఫ్ఎం (సబ్బులోని మొత్తం కొవ్వు పదార్థం) 76 శాతమో అంతకన్నా ఎక్కువో ఉన్నది. దాన్ని తురిమి గోరువెచ్చటి డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించుకోవాలి. మామూలు నీళ్ళలో కరిగిస్తే సబ్బు అక్కడే సగం ఖర్చయిపోతుంది.

అసలు చిక్కు వేరే వైపు నుంచి వచ్చింది. కరపత్రం చూసి అసోసియేషన్ సెక్రటరీగారు కాలేజీకే వచ్చేశారు. "మేడం, మా బ్లాకు నీళ్ళు మంచివి కావని మీరు మైకులో చెబితే రేపు ఫ్లాట్లకు కిరాయిదార్లు వస్తరా?" ఆయన భయం అన్యాయమైనదేమీ కాదు. మైకే పెట్టబోమని చెప్పాం. సీసాల మీద పేర్లు, బ్లాకులు రాయకుండా నంబర్ చీటీలు అంటించాలని, నంబరు ఎవరిదో తెచ్చినవాళ్ళకు మాత్రమే తెలియాలని ఒప్పందానికి వచ్చాం. ఇదే ఆలోచనతో పాల పరీక్ష మానుకున్నాం. అయోడిన్ చుక్క వేస్తే పిండి కలిసిన పాలు నీలంగా మారతాయి, ప్రయోగంగా బాగుంటుంది. కానీ ఒక చుక్క చూసి ఎవరి పాలవాడినో దొంగ అనేస్తే, అతను రేపటి నుంచి ఆ వీధిలో పాలు పోయగలడా? అయోడిన్‌ను బంగాళదుంప, బ్రెడ్డు, జామకాయల దగ్గరే ఆపేశాం.

వాలంటీర్లను తయారు చేయడం అన్నిటికన్నా కష్టం. బీఎస్సీ పిల్లలు ఎవరైనా ఎదురుగా నిలబడితే చాలు, "కఠిన జలం అనగా..." అని రెండు మార్కుల సమాధానం మొదలుపెడతారు. వాళ్ళ తప్పు కాదు, మేం నేర్పిందే అది. రిహార్సల్‌కు కాలేజీ అటెండర్‌నూ వాచ్‌మన్ కుటుంబాన్నీ పిలిచి, పిల్లలకు ఒక్కటే చెప్పాను: ముందు అడగండి, తర్వాత సీసా వచ్చినవాళ్ళ చేతికివ్వండి, నురగ వచ్చేదాకా నోరు మెదపొద్దు. "మీ ఇంట్లో బకెట్ అడుగున తెల్లగా పేరుకుంటుందా అక్కా?" అని మా అమ్మాయి అడగ్గానే వాచ్‌మన్ భార్య అందుకుంది: "అయ్యో, హీటర్ రాడ్డు చూడాలె నువ్వు, సున్నం కొట్టినట్టుంటది." ఆ మాటతో మాకు కొత్త బల్ల దొరికింది. ప్లంబర్‌ను అడిగి పాడైపోయిన రాడ్లు తెప్పించాం, వైర్లు కత్తిరించేసి. ఆ తెల్లటి పొరను గీకి నిమ్మరసంలో వేస్తే బుసబుస బుడగలొస్తాయి, కార్బొనేట్ కదా. పిల్లలు ఆ బల్ల వదల్లేదు.

సామాన్ల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. సీసాలు, డ్రాపర్లు బేగంబజార్‌లో హోల్‌సేల్‌గా, బల్లలు టెంట్ హౌస్ నుంచి. ఆ బల్లలు చిన్నపిల్లల గడ్డం దాకా వస్తాయి కాబట్టి ఒక వరుసకు బల్లలు లేకుండా నేల మీదే చాపలు వేశాం. కళ్ళద్దాలు ప్రతి ఒక్కరికీ, తీసేశాక స్పిరిట్‌తో తుడవడానికి ఒక అబ్బాయి. చాయ్ ఖర్చు కెమికల్స్ ఖర్చును దాటింది.

ఆ రోజు పదిన్నర దాకా హాలు ఖాళీ. నాకు గుండె జారింది. తర్వాత ఒక్కసారిగా వచ్చారు, చేతుల్లో సీసాలు, కొందరి దగ్గర ఏకంగా బిందెలు. ఒక అబ్బాయి ఏసీ పైపులోంచి కారే నీళ్ళు పట్టుకొచ్చాడు. రెండో చుక్కకే నురగ సీసా నిండా లేచింది. గాలిలోని తేమే చల్లబడి నీరై కారుతుంది కదా, అందులో లవణాలెక్కడివి? "అంటే వాననీళ్ళు కూడా ఇంతేనా?" అని వాడే అడిగాడు. జవాబు చెప్పబోయిన వాలంటీర్ నా ముఖం చూసి ఆగాడు. ఒక పెద్దాయన తన జేబులోని టీడీఎస్ మీటర్ తీసి మా లెక్కలు తప్పని వాదించారు. ఆయన మీటరు కరిగిన లవణాలన్నిటినీ కలిపి అంచనా కడుతుందని, సబ్బు పట్టుకునేది ప్రధానంగా కాల్షియం మెగ్నీషియాలనేనని చెబితే ఒప్పుకోలేదు. అప్పుడు మామూలు వంట ఉప్పు కలిపిన డిస్టిల్డ్ వాటర్ ఆయన చేతికే ఇచ్చాం. మీటర్ అంకె ఎగిరింది, నురగ మాత్రం ఇట్టే వచ్చింది. ఆయన మా వాలంటీర్‌ను పక్కకు జరిపి, ఆ తర్వాత వచ్చినవాళ్ళకు ఆ ప్రయోగం తానే చూపించడం మొదలుపెట్టారు.

అభిప్రాయాల ఫారం ఇవ్వలేదు. తలుపు దగ్గర డబ్బాలు పెట్టి, నచ్చిన బల్ల డబ్బాలో ఒక చింతగింజ వేయమన్నాం. నీళ్ళ బల్ల డబ్బా నిండి పొంగింది, స్కెచ్ పెన్నుల రంగులు విడగొట్టే బల్లకు పాపం అడుగు కూడా కప్పలేదు. వచ్చేసారి దాన్ని ఎత్తేస్తాం.

వారం తర్వాత సెక్రటరీగారు ఫోన్ చేశారు. బోరు నీళ్ళ కఠినత్వం సరిగ్గా ఎంతో తేల్చాలని, చుక్కల లెక్క చాలదని. కాలేజీ ల్యాబులో ఈడీటీఏ టైట్రేషన్ అనే కచ్చితమైన పరీక్ష చేసి రిపోర్టు ఇస్తామన్నాను.

"రిపోర్టు వద్దు మేడం," అన్నారు. "నోటితో చెప్పుండ్రి, చాలు."

సీసా పంపించమన్నాను, నంబర్ చీటీ అంటించి.