నా బ్యాగు కోసింది సాయంత్రం నాలుగింటికి

పెద్ద నగరంలో ఉంటున్నానని చెబితే ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న జీతం గురించి, రెండోది "అక్కడ సేఫేనా?" అని. మా పిన్ని అయితే నేరుగా రెండో ప్రశ్నతోనే మొదలుపెడుతుంది. నేను వచ్చి పదకొండేళ్లయినా, రాత్రి తొమ్మిది దాటాక ఫోన్ ఎత్తకపోతే వరసపెట్టి ఆరు మిస్డ్ కాల్స్ ఉంటాయి, ఏడోసారి ఎత్తితే "టీవీలో చూశావా?" అంటుంది. అది ఏ దేశంలో జరిగింది, ఏ నగరంలో జరిగింది అన్నది ఆవిడకి అనవసరం. ఆవిడ లెక్కలో నగరాలన్నీ కలిపి ఒకటే ఊరు, అందులో ఎక్కడో నేనున్నాను.

ఇప్పుడు నాకు చెల్లెలి వరసయ్యే అమ్మాయికి నగరంలో ఉద్యోగం వచ్చింది, వాళ్లింట్లో వారం రోజులుగా ఇదే గొడవ. "నువ్వుంటున్నావు కదక్కా, నువ్వే చెప్పు, నిజంగా అంత ఘోరంగా ఉంటుందా?" అని అడిగింది. ఫోన్‌లో ఏదో చెప్పాను గానీ పెట్టేశాక నాకే అది సరిగ్గా చెప్పినట్టు అనిపించలేదు. అందుకే ఇక్కడ కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

వచ్చిన కొత్తలో నా భయం ఎలా ఉండేదో ముందు చెప్పాలి. స్టేషన్ నుంచి రూముకి రెండు దారులు. ఒకటి దగ్గరి దారి, ఒకవైపు పొడుగాటి కాంపౌండ్ గోడ, రెండోవైపు కవర్లు కప్పి వదిలేసిన కార్లు, మనిషన్నవాడు కనపడడు. రెండోది ఆరేడు నిమిషాలు ఎక్కువ, కానీ షాపులు పదిన్నర దాకా తెరిచి ఉంటాయి. ఆలస్యమైన రోజు ఒళ్లు అలిసిపోయి దగ్గరి దారే పట్టేదాన్ని. తాళంచెవి వేళ్ల మధ్య బిగించి పట్టుకుని, ఫోన్ చెవికి ఆనించి, అవతల ఎవరూ లేకపోయినా "ఆ నాన్నా, వచ్చేశా, గేటు దగ్గరే ఉన్నా" అని గట్టిగా మాట్లాడుతూ నడిచేదాన్ని. ఒకరోజు అలా మాట్లాడుతుండగా ఆ ఫోన్ నిజంగానే మోగింది. చెవిలో అంత గట్టిగా మోగేసరికి ఉలిక్కిపడి వదిలేశాను, స్క్రీన్ రెండు ముక్కలు. మూడేళ్లలో ఆ సందులో నాకు జరిగిన నష్టం మొత్తం అదే.

నిజంగా పోయింది మాత్రం పట్టపగలు. సాయంత్రం నాలుగింటికి, కిక్కిరిసిన బస్సులో, చుట్టూ కనీసం అరవై మంది. దిగాక బ్యాగు తేలిగ్గా అనిపించి చూస్తే అడుగున జానెడు పొడుగున బ్లేడు గాటు, ఎంత శుభ్రంగా కోశారంటే దర్జీ కూడా అంత తిన్నగా కోయడు. పర్సు లేదు. ఆ పక్కన తాళంచెవి భద్రంగా ఉంది, అదే, రాత్రిళ్లు ఆయుధంలా పట్టుకుని తిరిగే తాళంచెవి.

పోలీస్ స్టేషన్‌కి వెళ్లాను. కార్డులు మళ్లీ తీసుకోవాలంటే కాగితం కావాలి కదా. అక్కడున్నాయన చాలా మర్యాదగానే మాట్లాడాడు, కూర్చోబెట్టాడు, అంతా విన్నాడు, విని "పర్సు పోయింది అని రాయండమ్మా, దొంగతనం అని రాస్తే ఊరికే తిరగాల్సి వస్తుంది" అన్నాడు. నేను కూడా అలాగే రాసిచ్చాను. ఆఫీసుకి మళ్లీ సెలవు పెట్టే ఓపిక లేదు. అంటే ఆ బ్లేడు గాటు ఏ లెక్కలోకీ ఎక్కలేదు. ఆ ఏడాది ఆ నగరంలో జరిగిన దొంగతనాల అంకె ఎంతైనా, అందులో నాది లేదు.

అందుకే "ఫలానా నగరం నేరాల్లో నంబర్ వన్" అనే హెడ్డింగ్ చూస్తే నాకు ముందు వచ్చే అనుమానం, అక్కడ నేరాలు ఎక్కువా, లేక రాసుకోవడం ఎక్కువా అని. స్వీడన్‌లో అత్యాచార కేసుల అంకె చూసి జనం గుండెలు బాదుకుంటుంటారు. ఆ దేశం 2005లో చట్టంలో అత్యాచారం నిర్వచనాన్ని విస్తరించింది, పైగా ఒకే మనిషి ఒకే బాధితురాలిపై పదిసార్లు చేస్తే పది నేరాలుగా రాసుకుంటుంది. అదే పనిని ఒక్క కేసుగా రాసుకునే దేశం పక్కన పెడితే స్వీడన్ భయంకరంగా కనపడక ఏం చేస్తుంది? అసలు కేసే రాసుకోని చోట అంతా ప్రశాంతంగా కనపడుతుంది మరి.

ఇంకో తికమక, మొత్తం అంకె చూసి బెదిరిపోవడం. కోటి మంది ఉన్న నగరంలో ఏడాదికి వంద హత్యలు జరిగితే మూడు నాలుగు రోజులకో వార్త. పదివేల మంది ఉన్న ఊళ్లో ఒక్కటి జరిగితే ఏడాదికి ఒక్క వార్త. లక్ష మందికి ఎన్ని అని లెక్కేస్తే ఆ ఏడాది నగరంలో ఒకటి, ఊళ్లో పది. (ఒక్క సంఘటనతో రేటు కట్టడం సరైన లెక్క కాదని నాకూ తెలుసు, ఇది విషయం అర్థం కావడానికి మాత్రమే.) టీవీవాళ్లకి ఈ భాగహారంతో పని లేదు, వాళ్లకి రోజుకో వార్త కావాలి, కోటి మంది ఉన్నచోట అది రోజూ దొరుకుతుంది.

మా పిన్ని వయసువాళ్ల మనసులో ఉన్న నగరం ఎప్పటిదో. అమెరికాలోని న్యూయార్క్‌నే తీసుకోండి, 1990లో అక్కడ 2,245 హత్యలు జరిగాయి. రాత్రి పూట భూగర్భ రైలెక్కడమంటే సాహసం కిందే లెక్క. 2017కి వచ్చేసరికి ఆ సంఖ్య 292. ఈ మధ్యలో జనాభా తగ్గలేదు, 73 లక్షల నుంచి 80 లక్షలు దాటింది. ఎందుకు తగ్గాయన్నదానిపై పండితులు ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉన్నారు, పోలీసుల పద్ధతి అని ఒకరు, మత్తుమందుల బజారు చల్లబడటం అని ఒకరు, పిల్లల మెదడుని పాడుచేసే సీసాన్ని పెట్రోల్‌లోంచి తీసేయడం అని ఇంకొకరు. ఇంతా అయ్యాక కూడా సర్వేలు చేసే గాలప్ సంస్థ అడిగిన ప్రతిసారీ దాదాపుగా ఎక్కువమంది అమెరికన్లు చెప్పేది, దేశంలో నేరాలు నిరుటికంటే పెరిగాయనే. మీ చుట్టుపక్కల పెరిగాయా అంటే మాత్రం అంతమంది అవుననరు. కంటికి కనపడే వీధి పర్లేదు, కనపడని చోటే ఘోరమన్నమాట.

అయితే నగరం మొత్తానికి ఒక అంకె కట్టడమే నాకు అర్థం లేని పనిలా అనిపిస్తుంది. లారెన్స్ షెర్మన్ అనే నేరశాస్త్రవేత్త అమెరికాలోని మినియాపోలిస్ నగరంలో పోలీసులకి వచ్చిన ఫోన్‌కాల్స్ అన్నీ అడ్రసుల వారీగా చూస్తే, సగం కాల్స్ వచ్చింది మూడు శాతం చోట్ల నుంచే అని తేలింది, అది 1989లో అచ్చయింది. తర్వాత వేరే నగరాల్లో చూసినా ఇంచుమించు ఇదే తీరు. ఒక పేట పేరు చెడితే పేట మొత్తం చెడ్డదంటాం గానీ, ఆ పేటలోనూ చెడ్డవి రెండు మూడు మూలలు, మిగతా వీధుల్లో ఏడాది పొడుగునా పోలీసులకి పని ఉండదు. నేను చెప్పిన రెండు దారులూ ఒకే పిన్‌కోడ్, ఒకే స్టేషన్ పరిధి, మ్యాపులో వేలి మందం దూరం.

సరే, అసలు మనం భయపడేది ఎవరికి? చీకట్లో ఎదురొచ్చే ముక్కూమొహం తెలియనివాడికి. ఐక్యరాజ్యసమితి డ్రగ్స్, నేరాల విభాగం లెక్క ప్రకారం 2017లో ప్రపంచవ్యాప్తంగా హత్యకి గురైన ఆడవాళ్లు సుమారు 87,000 మంది. అందులో 50,000 మంది దాకా చంపింది భర్తో, ప్రియుడో, సొంత కుటుంబంలోవాళ్లో. సగానికి పైనే. ఈ అంకె మొదటిసారి చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది మా బంధువుల్లోనే ఒకావిడ. రోజూ దెబ్బలు తినేది, అందరికీ తెలుసు, "సర్దుకుపోవాలి" అని చెప్పి పంపేవాళ్లు. నన్ను నగరానికి పంపొద్దని గట్టిగా వాదించింది కూడా ఆ చెప్పినవాళ్లే. ఇంతకంటే ఇక్కడ రాయను.

వీధిలో ప్రాణం తీసేది కూడా ఎక్కువగా కత్తి కాదు, చక్రం. 2021లో ప్రపంచం మొత్తం మీద హత్యలు సుమారు 4.58 లక్షలు, రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్లు 11.9 లక్షలు. రెండున్నర రెట్లు. అమెరికాలో 2013లో వచ్చిన ఒక అధ్యయనం హత్యలు, ప్రమాదాలు అన్నీ కలిపి గాయాల వల్ల చనిపోయే ముప్పు లెక్కేస్తే, బాగా పల్లె ప్రాంతాల్లోనే నగరాలకంటే ఇరవై శాతానికి పైగా ఎక్కువ వచ్చింది. హత్యలు నగరంలోనే ఎక్కువ, కానీ ఖాళీ రోడ్ల మీద వేగం, అంబులెన్స్ వచ్చేసరికి ఆలస్యం, ఇవన్నీ కలిసి తక్కెడ అటు మొగ్గింది. బండి ఎక్కేటప్పుడు హెల్మెట్ పెట్టుకున్నావా అని మా పిన్ని ఒక్కసారి కూడా అడగలేదు.

ఇక నగరం మీద ఉన్న పాత నింద, "అక్కడ చచ్చిపోతున్నా ఎవడూ పట్టించుకోడు". దీనికి జనం ఎత్తి చూపేది 1964 మార్చిలో న్యూయార్క్‌లో హత్యకి గురైన కిట్టీ జెనోవీస్ ఉదంతం. తెల్లవారుజామున ఆమె అపార్ట్‌మెంట్ దగ్గరే పొడిచారు, 38 మంది కిటికీల్లోంచి చూస్తూ ఉండిపోయారు, ఒక్కరూ కదల్లేదు అని న్యూయార్క్ టైమ్స్ రాసింది. ప్రపంచమంతా పాకింది ఆ కథ, దాని మీద మానసికశాస్త్రంలో ఒక సిద్ధాంతమే పుట్టింది. తీరా తర్వాత తవ్వితే 38 మంది మొదటినుంచీ చివరిదాకా చూసిందేమీ లేదు, చాలామంది విన్నది ఏవో కేకలు, అదీ ముక్కలు ముక్కలుగా. ఒకాయన కిటికీలోంచి అరిస్తే హంతకుడు పారిపోయి మళ్లీ వచ్చాడు. పక్కింటావిడ ఒకామె మెట్లు దిగి పరిగెత్తుకెళ్లి, కిట్టీని చేతుల్లో పట్టుకుని కూర్చుంది. 2016లో ఆ పత్రికే తన పాత కథనం లోపభూయిష్టమని రాసుకుంది. ఆ పక్కింటావిడ మాత్రం యాభై ఏళ్లు కథలో లేకుండా పోయింది.

ఇదంతా చదివి నగరం బంగారం అంటున్నాననుకోకండి. అంకెల్లో ఎక్కడా కనపడని సంగతి ఇంకొకటుంది, రోజూ జరిగేది. రద్దీలో కావాలని తగిలే చెయ్యి, వెనకాలే నాలుగు వీధులు నడిచొచ్చేవాడు, లిఫ్టులో అదోలా చూసేవాడు. దీనికి ఎవరూ కేసు పెట్టరు, ఎవరూ చచ్చిపోరు, కానీ మనిషి లోపల ఏదో అరుగుతూ ఉంటుంది. హత్యకి గురయ్యేవాళ్లలో దాదాపు 80 శాతం మగవాళ్లే కదా, ఆడవాళ్లకెందుకు అంత భయం అని తెలివిగా అడిగేవాళ్లకి నా జవాబు ఇదే. ఒక చెయ్యి తగిలినప్పుడు అది అక్కడితో ఆగుతుందో లేదో ఆ క్షణంలో మనకి తెలియదు. గణాంకాలు తర్వాతెప్పుడో వస్తాయి.

అయినా ఈ భయానికి మందుగా మనం చేసేది, "చీకటి పడకముందే ఇంటికొచ్చెయ్". అందరూ చీకటి పడకముందే వచ్చేస్తే రోడ్డు మీద మిగిలేది ఎవరు? వీధిని కాపాడేది పోలీసులకంటే ముందు ఆ వీధిలో తిరిగేవాళ్ల, కిటికీల్లో కూర్చునేవాళ్ల, షాపులవాళ్ల కళ్లే అని, నగరాల మీద పుస్తకాలు రాసిన జేన్ జేకబ్స్ 1961లోనే రాసింది. నాకది పుస్తకం చదవక్కర్లేకుండా తెలిసింది. ఆ షాపుల దారిలో చివరి కొట్టాయన రాత్రి షట్టర్ దించుతూ, నేను కనపడితే దించడం ఆపేవాడు. పలకరించడు, నవ్వడు, సగం దించిన షట్టర్ పట్టుకుని అలాగే నిలబడేవాడు. నేను గేటు గడియ పెట్టిన చప్పుడు వినపడ్డాక మిగతా సగం దించేవాడు. నాలుగేళ్లలో ఆయన పేరు నాకు తెలియదు, నా పేరు ఆయనకి తెలియదు.

తర్వాత ఆ రోడ్డు తవ్వేసి ఏడాదిపైన అలాగే వదిలేశారు. గిరాకీ పడిపోయి ఒక్కొక్క షాపూ మూతపడింది, ఆయనా ఖాళీ చేసి వెళ్లిపోయాడు. లైట్లున్నాయి, నేనూ అదే టైముకి వస్తున్నాను, అయినా ఆ దారిలో మళ్లీ తాళంచెవి వేళ్ల మధ్యకి వచ్చేసింది.

అందుకని ఆ పిల్లకి నిన్న మళ్లీ ఫోన్ చేసి, "నగరం సేఫా కాదా అని నన్నడక్కు. రూము చూడ్డానికి పగలు వెళ్లొద్దు, రాత్రి పదింటికి వెళ్లు, స్టేషన్ దగ్గర దిగి నడిచి వెళ్లు, దారిలో ఎన్ని షట్టర్లు తెరిచున్నాయో లెక్కపెట్టు" అన్నాను. హెల్మెట్ సంగతి కూడా చెప్పాను. బ్యాగు బస్సులో ముందుకి వేసుకోమన్నాను.

"ఒక్కదాన్నే రాత్రి పదింటికా? అమ్మ ఒప్పుకోదక్కా" అంది.

వచ్చే శనివారం నేనే తోడు వెళ్తున్నాను. పిన్నికి ఇంకా చెప్పలేదు.