4×5 నెగెటివ్‌కి ఇంట్లోనే ఎన్‌లార్జర్: నా అనుభవం

రాజమండ్రి దగ్గర గోదావరి మీది పాత రైలు వంతెన హేవ్‌లాక్, దాని ప్రింటు ఈ చివర నుంచి ఆ చివర దాకా పదునుగా వచ్చింది, ఇప్పుడే తాడుకి వేలాడేశాను. ఆ ఊపులోనే రాస్తున్నాను.

మాది కోనసీమ. 4×5 అంగుళాల నెగెటివ్ పట్టే ఎన్‌లార్జర్, అంటే నెగెటివ్‌లోని బొమ్మని పెద్దది చేసి ఫొటో కాగితం మీద వేసే యంత్రం, చుట్టుపక్కల ఎక్కడా దొరకలేదు. పేరున్న ఒక స్టూడియోలో అడిగితే కౌంటర్ దగ్గర అందరూ వింటుండగా "స్కాన్ చేయించేసుకోండి మాస్టారూ, ఇంకా ఇవేంటండీ" అని పెద్దగా నవ్వారు. చాలా బాధేసింది. చేసి చూడనివాళ్లని సలహా అడక్కండి.

ఐడియా పాతదే. ఫొటో తీసిన కెమెరానే కిందికి తిప్పి బిగించి, వెనక నెగెటివ్ పెట్టి, దాని వెనక లైటు పెట్టడం. అమెరికాలో గ్రాఫ్లెక్స్ కంపెనీ ఇలాంటి లైటునే గ్రాఫ్లార్జర్ పేరుతో అమ్మింది. నా లెన్స్ 150 మి.మీ. 8×10 అంగుళాల ప్రింటుకి నెగెటివ్ నుంచి లెన్స్‌కి 22.5 సెం.మీ., లెన్స్ నుంచి కాగితానికి 45 సెం.మీ. ఉండాలి. లైటుకి సీలింగ్‌లో పెట్టే ఎల్‌ఈడీ ప్యానెల్ చాలు. దాని కింద పాలరంగు అక్రిలిక్ షీట్లు రెండు, మధ్యలో ఖాళీ వదిలి పెడితే మూలలు చీకటి పడవు. మామూలు బల్బు పెట్టకండి, వేడికి ఫిల్మ్ వంగుతుంది. కాగితం మీద బొమ్మ తేల్చే రసాయనం, డెవలపర్‌కి 20 డిగ్రీలు కావాలి, మన కుళాయి నీళ్లతో అది కుదరదు, ట్రే కింద ఐసు పెట్టాల్సిందే.

ఇవన్నీ తేలిగ్గానే అయిపోయాయి. నన్ను ఏడిపించింది కుడివైపు మసక. ఎడమ పక్క గర్డర్లో ప్రతి రివెట్టూ కనబడుతోంది, కుడి పక్కకి వెళ్లేసరికి అంతా అలుక్కుపోయినట్టు ఉంటుంది, పైగా అటువైపు స్తంభాలు కాస్త పెద్దగా కూడా వస్తున్నాయి. లెన్స్ రంధ్రాన్ని ఎఫ్ 22కి చిన్నది చేస్తే కొంత సర్దుకుంటోంది గానీ పూర్తిగా పోదు, కాగితానికి వెలుగు ఇవ్వాల్సిన సమయమేమో సాగిపోతోంది. నెగెటివ్‌ని తలకిందులుగా తిప్పి పెట్టాను, మసక కాగితం మీద కుడివైపే ఉంది! అంటే ఫిల్మ్‌లో లోపం లేదు, తీసినప్పుడు ఫోకస్ బాగానే ఉంది. టేపుతో నాలుగు మూలలూ కొలిస్తే అన్నీ సమానమే అంటుంది. ఈ పనికి టేపుని నమ్మకండి.

చివరికి దారి చూపించినవి అద్దాలు. ఒకటి కాగితం పెట్టే చోట పైకి చూసేలా పెట్టాలి, రెండోదాని వెనక పూత మధ్యలో చిన్న చుక్కంత గీకేసి నెగెటివ్ చోట కిందికి చూసేలా పెట్టాలి. ఆ చుక్కలోంచి చూస్తే ప్రతిబింబాలు ఒకదాని వెనక ఒకటి కనబడతాయి. రెండు అద్దాలూ సమాంతరంగా ఉంటే అవన్నీ ఒకే కేంద్రం మీద కూర్చుంటాయి, లేకపోతే ఒక పక్కకి వంపు తిరిగిపోతాయి. నావీ అలాగే వంగిపోయాయి. కాగితం పెట్టే అడుగుబల్ల ఉబ్బింది! ఎండాకాలంలో చేయించిన ప్లైవుడ్, ముసురు పట్టగానే తేమ పీల్చుకుంది. "వాటర్‌ప్రూఫ్ అండీ, గ్యారంటీ" అని అమ్మినాయన ఇప్పుడు మా వీధికి వస్తే చెప్తాను. వరి చేల మధ్య, కాలవ గట్టు మీద ఉండే ఇళ్లకి ఏ గ్యారంటీ పనిచేస్తుంది?

పాత షాపు షోకేసు నుంచి మందపాటి గాజు పలక తెచ్చి, మూడు బోల్టుల మీద నిలబెట్టాను. నాలుగు వద్దు, మూడైతేనే ఊగదు. బోల్టులు తిప్పుతూ అద్దంలో చుక్కలన్నీ ఒకదాంట్లో ఒకటి దూరేదాకా సర్దాను. లెన్స్ బిగించే పలక, లెన్స్ బోర్డుకి కూడా అదే అద్దం ఆనించి చూడండి, దాన్ని వదిలేస్తే పనంతా వృథా. వానాకాలంలో ప్రింటు చేసే ప్రతిసారీ ముందు ఇది చూసుకోవాలి.

1900లో తెరిచి 1997లో రైళ్లు ఆపేసిన వంతెన అది, 56 స్పాన్లు, అంటే స్తంభానికీ స్తంభానికీ మధ్య భాగాలు. నా ప్రింటులో కనబడే ప్రతి స్పానూ పదునుగా ఉంది. ఈ జిల్లాలో ఇంట్లో చేసిన ఎన్‌లార్జర్ మీద ఇంత పని ఇంకొకరు చేసి చూపించమనండి.

ఇక 16×20. దానికి లెన్స్ నుంచి కాగితానికి 75 సెం.మీ. కావాలి, నా స్టాండు చాలదు. కెమెరాని అడ్డంగా పెట్టి గోడ మీదికే వేస్తాను, అద్దాల పద్ధతి గోడకీ పనికొస్తుంది.