కలెక్టర్ గారి పుణ్యమా అని మా అత్తతో కడియం ప్రయాణాలు

మా మేనత్త ఉండేది తణుకులో, నేనేమో హైదరాబాద్. ఏడాదికి ఒకసారో రెండుసార్లో కారేసుకుని వెళ్తుంటా. గేటు దగ్గర ఆవిడ అడిగే మొదటి ప్రశ్న "డిక్కీ ఖాళీయేనా?" ఖాళీయే అన్నానంటే మర్నాడు పొద్దున్న ఆరింటికల్లా మొక్కల నర్సరీలకి పేరున్న కడియం బయల్దేరాల్సిందే, పులిహోర డబ్బా, మంచినీళ్ళ సీసా, నాలుగు పాత గోనె సంచులు, ఒక చిన్న కత్తి ఆవిడ రాత్రే సర్ది పెట్టేసుకుంటుంది. కత్తి ఎందుకో తర్వాత చెప్తా.

తణుకు నుంచి కడియం పక్కనున్న కడియపులంకకి మామూలుగా అయితే గంట దారి. మాకు రెండు గంటలు. పెరవలి దాటాక సిద్ధాంతం బ్రిడ్జి రాగానే "స్లో చెయ్యి స్లో చెయ్యి" అంటుంది, కిటికీ అద్దం దించి రూపాయి బిళ్ళ గోదాట్లో వేసి దణ్ణం పెట్టుకుంటుంది, వెనక లారీ వాడు హారన్ కొడుతూనే ఉంటాడు. రావులపాలెం దాటి జొన్నాడ బ్రిడ్జి ఎక్కగానే మళ్ళీ స్లో, మళ్ళీ బిళ్ళ. ఇందాకే వేశావు కదత్తా అంటే "అది వశిష్ఠరా, ఇది గౌతమి, దేని లెక్క దానిదే" అంది. లాజిక్ కరెక్టే.

అసలు ఈ ప్రయాణాలు మొదలైంది 2017లో. అత్త వాళ్ళ పాత ఇంట్లో కొత్తపల్లి కొబ్బరి చెట్టు ఉండేది, తెలియని వాళ్ళు కొబ్బరి చెట్టు అనుకుంటారు కానీ అది మామిడి, ఆవకాయకి దాన్ని మించిన కాయ లేదని గోదావరి జిల్లాల్లో చాలామంది ఒట్టేసి చెప్తారు. ఇల్లు అమ్మేశారు, చెట్టూ పోయింది. కొత్త ఇంటి పెరట్లో అదే రకం వెయ్యాలని ఆవిడ పట్టు. ఆ జులైలో ఇద్దరం వెళ్ళి, రోడ్డు పక్కన కనపడిన మొదటి నర్సరీలో, కవర్‌కి కట్టిన చీటీ మీద పేరు చూసి, బేరమాడి రెండు అంటుమొక్కలు తెచ్చాం. ఒకటి పోయింది. రెండోది ఏపుగా పెరిగింది. నాలుగేళ్ళకి కాపుకొస్తే ఏంటది, పొడుగ్గా, కింద చిలక ముక్కులాగా వంకర తిరిగి... కలెక్టర్ కాయ! అదేనండీ, తోతాపురి. అత్త నాకు ఫోన్ చేసి మరీ చెప్పింది, "ఒరేయ్, మనింటికి కలెక్టర్ గారొచ్చారు" అని. ఉప్పూ కారం అద్దుకుని తినడానికి బానే ఉంటుంది, ఆవకాయకి ఆ పులుపెక్కడిది.

నర్సరీ వాడు కావాలని మోసం చేశాడనుకోను నేను. కడియం చుట్టుపక్కల కడియపులంక, బుర్రిలంక, వేమగిరి, వీరవరం ఇలా ఊళ్ళకి ఊళ్ళే నర్సరీలు, అన్ని మొక్కలూ అందరూ సొంతంగా కట్టరు, ఒకరి దగ్గరివి ఒకరు తెచ్చి అమ్ముతారు, పుణె, కోల్‌కతా వైపు నుంచి కూడా లారీల్లో దిగుతాయి. అన్ని చేతులు మారేటప్పటికి చీటీ ఒకటి, మొక్క ఒకటి. కానీ నాలుగేళ్ళు నీళ్ళు పోసిన మనిషికి ఇవన్నీ చెప్తే ఊరుకుంటుందా. అప్పట్నుంచి చీటీ ఉన్న మొక్కని ఆవిడ నమ్మదు.

2021 తర్వాత వెళ్ళినప్పుడల్లా వేట అదే. హైవే మీద కనపడే నర్సరీలు ఆవిడకి అస్సలు ఇష్టం లేదు, అక్కడన్నీ షో మొక్కలు అంటుంది. నాకేమో అవి చూడ్డమే సరదా. ఏనుగు ఆకారంలో కత్తిరించిన ఫైకస్‌లు, అరటి గెలంత లావు మొదలున్న అడీనియంలు, కొమ్మకో రంగు అంటు కట్టిన కాగితం పూల చెట్లు, క్రేన్ పెట్టి లారీ ఎక్కించే తాటిచెట్టంత రాయల్ పామ్‌లు. డిసెంబర్ చివర్లో వెళ్తే కొన్ని నర్సరీల్లో వేల మొక్కలు పేర్చి కొత్త సంవత్సరం అంకెలు, శుభాకాంక్షలు రాస్తారు, జనం సెల్ఫీల కోసం ఎగబడతారు. ఒకప్పుడు ఎక్కడ చూసినా కోనోకార్పస్ అనే షో మొక్క ఉండేది, ఆరోగ్యానికి మంచిది కాదని దాని మీద గోల మొదలయ్యాక పక్కకి తప్పించారు. అత్త దాన్ని మొదట్నుంచీ తిట్టేది, "పువ్వా కాయా, ఎందుకది" అని.

లోపలికి వెళ్తే ఇంకో లోకం. కాలవ గట్టు మీద కారు ఒక్కటే పట్టే దారి, రెండు పక్కలా గ్రీన్ నెట్ కింద చిన్న చిన్న కవర్లలో మొక్కలు, ఎదురుగా ట్రాక్టర్ వస్తే ఇక అంతే, వెనక్కి అరకిలోమీటరు. (నా సైడ్ మిర్రర్ ఒకటి అక్కడే సమర్పించుకున్నా.) గోదావరి ఒండ్రు మట్టి, కాలవ నీళ్ళు, ఈ రెండూ లేకపోతే ఇక్కడ ఇదంతా లేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాకే ఈ కాలవలన్నీ. అందుకే మా అత్త బుర్రిలంక సందుల్లో దారి తప్పి తిరుగుతున్నప్పుడు కూడా కాలవ కనపడితే "కాటన్ దొర చలవరా" అంటుంది, అక్కడికేదో ఆయన మా చుట్టం అయినట్టు.

ఇప్పుడు కత్తి సంగతి. నర్సరీలో అత్త ముందు మొక్క వైపు చూడదు, వంగి కింద అంటు దగ్గర చూస్తుంది. అతుకు పూడిందా, ఇంకా ప్లాస్టిక్ రిబ్బన్ బిగిసి కాండాన్ని కోస్తోందా, అతుకు కింద నుంచి చిగురు వచ్చిందా. కింద చిగురు అంటే అది వేరు మొక్కది, టెంక నుంచి వచ్చిన నాటు మామిడి, వదిలేస్తే అదే బలిసి పైనున్న మంచి రకాన్ని ఎండగట్టేస్తుంది. ఆవిడ అడక్కుండానే కత్తి తీసి ఆ చిగురు కోసి పడేస్తుంది, కొనబోయే మొక్కకే కాదు, పక్కవాటికి కూడా. తర్వాత ఒక ఆకు తుంచి నలిపి వాసన చూస్తుంది. ఒక్కో మామిడి రకానికి ఆకు వాసన ఒక్కో రకంగా ఉంటుంది, నాకైతే అన్నీ ఒకేలా అనిపిస్తాయి, ఆవిడ మాత్రం ముక్కు దగ్గర పెట్టుకుని "కాదు" అనేసి నడిచిపోతుంది. ఆఖరి ప్రశ్న "తల్లి చెట్టు చూపిస్తావా బాబూ?" ఈ ప్రశ్నకి చాలామంది ఫోన్ వచ్చినట్టు పక్కకెళ్ళిపోయారు.

2023 జులై చివర్లో, బుర్రిలంకలో బాగా లోపలికి ఉన్న ఒక చిన్న నర్సరీలో ఒక పెద్దాయన మాత్రం "ఆయ్, రండమ్మా, చూపిస్తాను" అన్నాడు. బోర్డు కూడా లేదు. ఇంటి వెనక నిజంగానే పెద్ద చెట్టు, అత్త దాని కింద నిలబడి కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత ఆకు నలిపింది, నా ముక్కు దగ్గర కూడా పెట్టింది. ఈసారి నాక్కూడా ఏదో తేడా తెలిసినట్టే అనిపించింది, లేదా ఆవిడ మొహం చూసి అలా అనిపించిందో.

అక్కడే షెడ్డులో ఇద్దరు ఆడవాళ్ళు అంటు కడుతున్నారు. టెంక మొలిచిన మొక్కని జానెడు ఎత్తులో కోసి, నడి మధ్య చీల్చి, తల్లి చెట్టు నుంచి తెచ్చిన పుల్ల మొదలు రెండు వైపులా చెక్కి అందులో దింపి, రిబ్బన్ చుట్టి, పైన పెప్సీ ఐస్ కవర్ లాంటిది తొడుగుతారు, తడి ఆరకుండా. మొత్తం కలిపి నిమిషం పట్టిందేమో. మాట్లాడుకుంటూనే కట్టేస్తున్నారు. అత్త ఒకటి ప్రయత్నించింది, పుల్ల విరిగింది, వాళ్ళు నవ్వారు, ఆవిడ కూడా.

రెండు మొక్కలు తీసుకున్నాం. ఆయన 150 చెప్పాడు, అత్త బేరం ఆడలేదు. మూడు పైసల దగ్గర కూడా బేరమాడే మనిషి, నేను ఆశ్చర్యపోయా. ఆ సంతోషంలో నాకు మనోరంజితం, సన్నజాజి, ఒక బాలాజీ నిమ్మ కూడా కొనిపెట్టింది. వచ్చేటప్పుడు గోనె సంచులు తడిపి వేర్ల చుట్టూ చుట్టి, అద్దాలు ఎక్కించి ఏసీ లోలో పెట్టి తెచ్చాం, గాలికి ఆకులు వాడిపోతాయని. ముందు సీటు మామిడి మొక్కలకి, అత్త వెనక సీట్లో. రావులపాలెంలో కర్పూర చక్కెరకేళి, పూతరేకులు. ఇంటికొచ్చేసరికి కారు నిండా ఎర్రచీమలు, హైదరాబాద్ దాకా నాతోనే వచ్చాయి, మా ఆవిడ నెల రోజులు కారెక్కలేదు.

హైదరాబాద్ తెచ్చుకునే వాళ్ళకి ఒక్క మాట. కడియం మొక్కల కవర్లో జిగురు మట్టి ముద్ద ఉంటుంది, మన ఎండకి అది ఆరితే ఇటుకైపోతుంది, పైన పోసిన నీళ్ళు పక్కల నుంచి జారిపోతాయి, లోపల వేరు ఎండిపోతుంది. తెచ్చిన వెంటనే కుండీలో పెట్టకుండా ఓ వారం పది రోజులు నీడలో ఉంచి, తర్వాత ముద్దని చేత్తో కొంచెం కదిపి, ఇసక, కొబ్బరి పొట్టు కలిపి పెట్టండి. ఇది తెలియక నేను రెండు మనోరంజితాలు చంపా, ఇది మూడోది, బతికుంది. నిమ్మ కూడా.

మామిడి రెండూ తణుకులో నిలదొక్కుకున్నాయి. మొన్న జనవరిలో అత్త ఫోన్, పూత వచ్చిందట. ఇంకా లేత మొక్కలే కదా, మొదటి రెండు మూడేళ్ళు పూత తుంచెయ్యాలి, లేకపోతే ఎదుగుదల ఆగిపోతుందని ఊరందరికీ చెప్పేది ఆవిడే. తుంచేశావా అంటే "ఒకదానికి తుంచేశాన్రా" అంది. రెండోదో అంటే ఫోన్‌లో కాసేపు ఏం వినపడలేదు. "నువ్వొచ్చినప్పుడు తుంచుదువుగాన్లే... డిక్కీ ఖాళీయేనా?"