సంతకం అయ్యాక అయిదేళ్లు

బరంపురంలో ట్యాక్స్ రిటర్నులు వేసుకుని బతికేవాడికి అమెరికా కాంగ్రెస్‌తో, అంటే అక్కడి పార్లమెంటుతో, పనేమిటని మా బావ ఎగతాళి. ఆయనకు గంజాం తీరాన రొయ్యల చెరువులున్నాయి. అమెరికాలో దిగుమతి సుంకం పెరిగితే ముందు టెన్షన్ పడేది ఆయనే మరి!

అమెరికా కొలంబియాతో 2006లో, పనామా, దక్షిణ కొరియాలతో 2007లో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందాలపై సంతకాలు చేసింది. కాంగ్రెస్ ఆమోదం మాత్రం 2011 అక్టోబరు 12న వచ్చింది. కొలంబియాలో కార్మిక నాయకుల హత్యలు, కొరియాలో కార్ల మార్కెట్, పనామాలో పన్ను ఎగవేతలు... ఒక్కోదానికి ఒక్కో అడ్డు. ఈలోగా యూరప్ కొరియాతో తన ఒప్పందాన్ని ఆ జులైలోనే అమల్లో పెట్టేసింది. చివరికి కొరియా ఒప్పందానికి సెనేట్‌లో 83–15 ఓట్లు పడ్డాయి. ఆ ఒప్పందాలకున్న ప్రత్యేక చట్టం ప్రకారం కాంగ్రెస్‌లో సవరణలు కుదరవు, అవునో కాదో తేల్చాల్సిందే.

ఆ పద్ధతి నాకిష్టం. మన దగ్గర కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంటే చాలు, పార్లమెంటులో ఓటు అక్కర్లేదు. మరి మా ఎంపీ ఎటున్నారో తెలిసేదెలా?

"ఓటుకి పెడితే నా రొయ్య ముసలిదైపోతుందిరా" అంటారు బావ. గడువు పెడితే సరి అన్నాను. ఆ ఒప్పందాలకు అమెరికా చట్టంలో 90 పనిదినాల గడువు ఉండనే ఉండేది. కాకపోతే 2008లో కొలంబియా బిల్లు రాగానే ప్రతినిధుల సభ ఆ గడువునే పక్కన పెట్టేసింది. ఈ సంగతి బావకింకా చెప్పలేదు.