అక్టోబర్‌లో వచ్చే మగ పేనుబంక

ఆకుల రసం పీల్చే పేనుబంకలో మగది ఉంటుందని బాపట్ల వ్యవసాయ కళాశాలలో చదువుకున్నాను. కంటితో చూసింది మాత్రం ఇంగ్లండ్ వచ్చాకే. కెంట్‌లో ఒక ఆపిల్ తోట, అక్టోబర్ ఉదయం, ప్లాస్టిక్ గిన్నెలో సబ్బు నీళ్లు, వాటి మీద తేలుతున్న రెక్కల పురుగు. ఆవగింజంత కూడా లేదు.

మాది గుంటూరు జిల్లా, పత్తీ మిర్చీ పండించే ఇల్లు. పేనుబంక అంటే నాకు చిన్నప్పటి నుంచీ ఒకటే బొమ్మ: ఆకు అడుగున గుంపులు, చేతికంటే జిగట, దాని మీద మసి, కాండం వెంట చీమల బారు. మన పొలాల్లో కనబడేవి దాదాపు అన్నీ ఆడవే. మగదానితో పని లేకుండా పిల్లల్ని కంటాయి. తల్లి కడుపులో ఉన్న పిల్ల కడుపులోనే మనవరాలు తయారవుతూ ఉంటుంది. వెచ్చటి నేల కాబట్టి ఏడాదంతా అదే వరస నడిచిపోతుంది. ఇక్కడ చాలా రకాలకు అలా కుదరదు. మంచు కాలం దాటాలంటే గుడ్డు కావాలి, గుడ్డుకు మగది కావాలి. ఆగస్టు తర్వాత పగలు కురచవుతున్న కొద్దీ ఆ మార్పు మొదలవుతుంది.

నేను పనిచేసేది పండ్ల తోటల్లో పురుగుల మీద ప్రయోగాలు చేసే చోట. నా వంతు తోటల్లో తిరగడం, లెక్కబెట్టడం, రాయడం. ఇక్కడి ఆపిల్ రైతును బాగా బాధపెట్టేది రోజీ ఆపిల్ ఏఫిడ్ అనే రకం పేనుబంక. గులాబీ, బూడిద కలిసిన రంగు, ఒంటి మీద పిండి చల్లినట్టు ఉంటుంది. మొగ్గ పగిలే రోజుల్లో గుడ్లలోంచి బయటికొస్తుంది. అది రసం పీల్చిన ఆకు దొన్నెలా ముడుచుకుపోతుంది. పక్కనున్న పిందెలు ఎదగవు, అలాగని రాలవు కూడా. గోళీల్లా, బొప్పులు కట్టి కోత దాకా గుత్తులుగా వేలాడుతూనే ఉంటాయి. ఒకసారి ఆకు ముడుచుకుంటే మందు లోపలికి చేరడం కష్టం. అందుకే పూతకు ముందే సంగతి తెలియాలి.

వేసవి మధ్యలో ఇవి తోట విడిచి ప్లాంటేన్ అనే కలుపు మొక్క మీదికి వెళ్లిపోతాయి. ఆ పేరు చూసి అరటి అనుకోకండి, ఇది మన ఇసబ్‌గోల్ జాతి మొక్క, దారి పక్కన ఎక్కడ చూసినా ఉంటుంది. సెప్టెంబర్‌లో రెక్కల ఆడవి ఆపిల్ చెట్టుకు తిరిగొచ్చి, రెక్కల్లేని ఆడపిల్లల్ని కంటాయి. గుడ్లు పెట్టేవి ఇవే. ఇవి వెనక కాళ్లు పైకెత్తి నిలబడతాయి. ఆ కాళ్ల నుంచే వాసన వెలువడుతుంది. ఆ వాసన పట్టుకుని మగవి ఎగురుకుంటూ వస్తాయి. భూతద్దం పెట్టి ఆకు అడుగున కాళ్లెత్తి నిలబడ్డ ఆడదాన్ని మొదటిసారి చూసినప్పుడు, చలికి వేళ్లు కొంకర్లు పోతున్నా చాలాసేపు అక్కడి నుంచి కదల్లేదు.

ఆ వాసన ఏమిటో 1987లో రోథమ్‌స్టెడ్ పరిశోధనా కేంద్రంలో జాన్ పికెట్ బృందం తేల్చింది. వాళ్లు చూసింది వెచ్ ఏఫిడ్ అనే రకాన్ని. నెపెటలాక్టోన్, నెపెటలాక్టాల్ అని రెండు పదార్థాలు. పిల్లులు వాసన చూసి పొర్లాడే క్యాట్‌మింట్ మొక్కలో దొరికేది కూడా నెపెటలాక్టోనే. చిక్కేమిటంటే, చాలా రకాల పేనుబంకలు ఈ రెంటినే వాడుకుంటాయి, పాళ్లు మాత్రం మారతాయి. అందుకని ఒక రకం కోసం సబ్బు నీళ్ల గిన్నె దగ్గర ఈ వాసనను ఎరగా పెడితే వేరే రకాల మగవి కూడా వచ్చి పడతాయి.

ఇది నాకు తప్పు చేశాకే బాగా ఒంటబట్టింది. మొదటి వారం గిన్నెల్లో పడ్డ ప్రతి మగదాన్నీ రోజీ ఖాతాలో రాసేశాను. మా సీనియర్ ఆవిడ ఒక సీసా మైక్రోస్కోప్ కింద పెట్టి, "ఇందులో హాప్స్ తోటల పేనుబంక కూడా ఉంది, మళ్లీ చూడు" అంది. (హాప్స్ అంటే బీరు తయారీలో వాడే తీగ.) మీసాల పొడవు, పొట్ట మీద మచ్చ, వెనక గొట్టాలు ఒక్కొక్కటే చూసుకుంటూ వారం లెక్క రెండు రోజులు కూర్చుని తిరగరాశాను. జిగురు అట్ట బదులు నీళ్ల గిన్నె ఎందుకో అప్పుడు అర్థమైంది. జిగురుకు అంటుకుంటే ఇంత చిన్న పురుగు కాళ్లూ మీసాలూ ఊడిపోతాయి, నీళ్లలో అయితే చెక్కుచెదరకుండా దొరుకుతుంది. అదే గిన్నెల్లో ప్రావోన్ అనే బుల్లి కందిరీగలు కూడా పడుతుంటాయి. పేనుబంక ఒంట్లో గుడ్డు పెట్టి దాన్ని చంపే జాతి అది. మగవాటిని పిలిచే వాసనే వీటికీ ఆనవాలు. మన వైపున్న మిత్రపురుగును నా గిన్నెలో చచ్చిపడి చూస్తే మనసు చివుక్కుమంటుంది.

ఆదివారం ఫోన్లో నాన్న అడుగుతాడు.

"ఏమ్మా, ఇవాళ కూడా పురుగుల లెక్కేనా?"

"అవును నాన్నా. మన పత్తిలో పెట్టే లింగాకర్షక బుట్టల్లాంటివే."

"అయితే ఎన్ని పడితే మందు కొడతారు?"

పత్తి కాయను తొలిచే గులాబీ రంగు పురుగుకైతే జవాబు సులువు. బుట్టకు రోజుకు 8 చొప్పున వరుసగా 3 రోజులు పడితే చర్య తీసుకోవాలి. (ఊళ్లో వాటిని తల్లి పురుగులు అంటాం గానీ, ఆ బుట్టలో పడేవన్నీ మగవే.) ఇక్కడ అక్టోబర్‌లో పడ్డ మగవాటికి ఆ రోజు చేసే పని ఏమీ లేదు. ఏ తోటలో గుడ్లు ఎక్కువ పడబోతున్నాయో ఒక సూచన అందుతుంది, అంతే. ఆ తోటలో వచ్చే ఏప్రిల్‌లో మొగ్గలు మరింత జాగ్రత్తగా చూడాలి. చెట్టు దగ్గరికి వెళ్లి చూడటానికి గిన్నె బదులు కాదని నేను గట్టిగా నమ్ముతాను. చలికి గుడ్లు చస్తాయి, పక్షులు తింటాయి, వసంతం ఎలా ఉంటుందో ముందే చెప్పలేం.

అదంతా చెప్తే నాన్న కాసేపు మాట్లాడలేదు. మా ఇంట్లో మందు కొట్టిన పద్ధతి వేరు. కొట్టుకెళ్లి "పేనుబంక పట్టింది" అంటే రెండు డబ్బాలు చేతిలో పెట్టేవాళ్లు. ఎన్ని మొక్కలకు పట్టింది, పేనుబంకను తినే అక్షింతల పురుగులు కనబడ్డాయా అని ఎవరూ అడిగింది లేదు. ఆ డబ్బాల బాకీలు తీర్చడానికే ఒక ఏడాది మిర్చి డబ్బంతా పోయింది. ఆ ఏడు ఎవరైనా పొలంలోకి దిగి ఓ వంద మొక్కలు లెక్కబెట్టి ఉంటే అన్న ఆలోచన నన్నింకా వదల్లేదు. ఈ పనిలో చలీ బురదా నాకు లెక్కలేకపోవడానికి కారణం కూడా అదే.

నవంబర్ చివరికి గిన్నెలు తీసేశాం. నాలుగింటికే చీకటి పడుతోంది. ఆఖరి రోజు ఒక కొమ్మ మీద, మొగ్గ పక్కన బెరడు సందులో మిలమిల మెరుస్తున్న నల్లటి గుడ్లు కనబడ్డాయి. ఆ కొమ్మకు ఎర్ర రిబ్బన్ కట్టి చెట్టు నంబరు పుస్తకంలో రాసుకున్నాను. నా వీసా మే నెల దాకా ఉంది. అవి పగిలేనాటికి ఇక్కడే ఉంటాను.